చీర మీ సొంతమే, ఆ మగ్గం ఫొటో ఎవరిది?

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల చేనేత సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, మాస్టర్ వీవర్లకు, చీరల షోరూంలు నడుపుతున్న పెద్దలకు నమస్కారం.

నేను నల్లగొండలో డిజైన్ పని చేసుకునేవాణ్ణి. ఫ్లెక్సీలు, బ్రోచర్లు, చీర పెట్టెల మీది డిజైన్లు, వాట్సాప్ పోస్టర్లు, ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్ పేజీలు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు నుంచి, అటు నారాయణపేట, గద్వాల నుంచి కూడా పని వస్తుంటుంది. దాదాపు ప్రతి పనిలోనూ ఒకే మాట వింటున్నాను: "ఫొటోలకు పరేషాన్ ఎందుకన్నా, గూగుల్‌ల కొడితే మస్తు దొరుకుతయి." ఆ మాట గురించే ఈ ఉత్తరం.

దొరుకుతాయి, కాదనను. ఏం దొరుకుతాయో కూడా చెప్పాలి కదా. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే మన "ఇక్కత్" అని కొడితే ఉజ్బెకిస్తాన్, ఇండోనేసియా నేతలూ, కంప్యూటర్‌లో గీసిన పూలూ ముందుకొచ్చి కూర్చుంటాయి. "ఇండియన్ వీవర్" అంటే కాశీ మగ్గాలు, రాజస్థానీ తలపాగాలు. "హ్యాండ్‌లూమ్" అంటే చరఖా. ఆగస్టు 7 వచ్చిందంటే చాలు, జాతీయ చేనేత దినోత్సవ శుభాకాంక్షల ఫ్లెక్సీల నిండా చరఖాలే. చరఖా నూలు వడుకుతుంది, బట్ట నేయదు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లు మీరు. అయినా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఫొటోలు దిగుతారే గానీ, "ఈ బొమ్మ తీసెయ్యి" అని ఒక్కరూ అనరు.

బతుకమ్మకు ఇంకా తమాషాగా ఉంటుంది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ ఉండాల్సిన చోట కేరళ వాళ్లు ఓణానికి నేల మీద వేసే పూల ముగ్గు వచ్చి పడుతుంది. పూలే కదా అంటారు!

ఎవరో ముందే తీసి, ఎవరైనా వాడుకునేలా అమ్మకానికో ఉచితంగానో పెట్టే ఫొటోలను స్టాక్ ఫొటోలంటారు. వాటికి నేను వ్యతిరేకిని కాను. రోజూ వాడతాను, వాటి మీద బతుకుతున్నాను కూడా. పాతకాలంలో ఏజెన్సీల దగ్గర ఒక్క ఫొటో కొనాలంటే పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యేది. 2000లో ఐస్టాక్, 2003లో షట్టర్‌స్టాక్ అనే ఫొటో సైట్లు వచ్చాక ధరలు నేలకు దిగాయి. 2006లో మన దేశంలోనే ఇమేజెస్‌బజార్ మొదలై, అన్నీ తెల్లవాళ్ల ముఖాలేనా అనే బాధ కొంత తీరింది. ఆ తర్వాత అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ లాంటివి ఉచితంగానే ఇవ్వడం మొదలుపెట్టాయి. ఊళ్లో కూర్చుని పని చేసే నాలాంటివాడికి ఇది వరమే. నా గొడవ ఫొటో ఎక్కడిదని కాదు, దాన్ని ఏ పనికి పెడుతున్నామన్నది.

స్టాక్ ఫొటో తన పని చక్కగా చేసిన ఉదాహరణ ఒకటి మీరందరూ చూశారు. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ తెరవగానే కనిపించే పచ్చటి గుట్ట, నీలాకాశం గుర్తుందా? చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలో తీసిన బొమ్మ అది. స్టాక్ ఏజెన్సీలో ఉంటే మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ప్రపంచమంతా చూసింది, ఆ గుట్ట ఎక్కడుందని ఎవరూ నిలదీయలేదు. ఎందుకంటే మైక్రోసాఫ్ట్ గుట్టలు అమ్మడం లేదు. కళ్లకు హాయిగా ఉండే తెర ఒకటి కావాలి, ఆ బొమ్మ ఆ పని చేసింది.

మీరు అమ్మేది చీర. ఆ చీరను ఫలానా ఊళ్లో, ఫలానా తీరుగా, మనిషి చేత్తో నేశాడని చెప్పి అమ్ముతున్నారు. అలాంటప్పుడు చీరకూ, మగ్గానికీ, నేసిన మనిషికీ, ఊరికీ స్టాక్ ఫొటో పెట్టకూడదు. మిగతా చోట్ల ధైర్యంగా పెట్టుకోండి. ఏ ఫొటో దగ్గరైనా ఒక్కటే అడగండి: ఇది చూసి కొనేవాళ్లు మన సరుకు గురించి ఏదైనా నమ్ముతారా? నమ్మేట్టయితే ఆ ఫొటో మీ ఇంటిదై ఉండాలి.

ఇది పాటించకపోతే ఏమవుతుందో ఒక ఎగ్జిబిషన్‌లో కళ్లారా చూశాను. ఒక సంఘం బ్రోచర్ మొదటి పేజీ మీద కాశీ మగ్గం ఉంది, జరీ బుటీలు నేస్తున్న ముసలాయనతో సహా. స్టాల్‌కు వచ్చిన ఒకావిడ చేతిలో నిలువు, అడ్డ పోగులు రెండింటికీ రంగులద్ది నేసిన అచ్చమైన డబుల్ ఇక్కత్ చీర పట్టుకుని ఉంది, కొనేలాగే ఉంది. బ్రోచర్ తిప్పి, "ఇవి కూడా మీ ఊళ్లోనే నేస్తారా బాబూ?" అని అడిగింది. కౌంటర్ మీది పిల్లాడు, పాపం, "అవునమ్మా, అన్నీ మావే" అన్నాడు. ఆవిడకు నేత తెలుసు. ఇంకేమీ అనలేదు, చీర మడత పాడవకుండా బల్ల మీద పెట్టి పక్క స్టాల్‌కు వెళ్లిపోయింది. చీర అసలుదే, నేసినవాడు అసలువాడే. మొదటి పేజీ మీది బొమ్మ వల్ల అంతా అనుమానంలో పడింది.

మనమే కాదు, పెద్ద కంపెనీలు కూడా బోల్తా పడ్డాయి. 2004లో అమెరికాలో డెల్, గేట్‌వే అనే రెండు కంప్యూటర్ కంపెనీలు, ఒకదానికొకటి పోటీ, బడులు తెరిచే సీజన్ ప్రకటనల్లో ఒకే అమ్మాయి స్టాక్ ఫొటోలు వాడి నవ్వులపాలయ్యాయి. మామూలు లైసెన్స్ తీసుకున్న ఫొటో మీ ఒక్కరిదే కాదు, పైసలు కట్టిన ప్రతివాడిదీ. మీరు పెట్టిన మగ్గం ఫొటోనే రేపు సూరత్ ప్రింటు చీరలు అమ్మేవాడూ పెట్టుకోవచ్చు. అప్పుడు చూసేవాళ్లకు మీ ఇద్దరికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

మన దగ్గర జరిగింది ఇంతకన్నా బాధాకరం. 2018 ఆగస్టులో రైతు బీమా, కంటి వెలుగు పథకాల ప్రభుత్వ ప్రకటనలు పత్రికల్లో వచ్చాయి. రెండింటిలోనూ ఒకే మహిళ. భర్త స్థానంలో మాత్రం ఇద్దరు వేర్వేరు మగవాళ్లు. ఆ కుటుంబం మన ఉమ్మడి నల్లగొండ జిల్లాదే. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి అది ఒక తల తీసి ఇంకో తల అతికించే పని. ఊళ్లో బతికేవాళ్లకు అది పరువు. మనిషి ఫొటో వాడేటప్పుడు ఆ మనిషికి ఒక ఊరూ, చుట్టాలూ ఉంటారని డిజైనర్లం మరిచిపోకూడదు. మాచేత పని చేయించుకునే మీరు కూడా గుర్తు చేస్తూ ఉండాలి.

చేనేతలే కాదు, మిర్యాలగూడ బియ్యం సంచులు చూడండి. సాగర్ ఎడమ కాల్వ కింద బల్లపరుపుగా ఉండే మన పొలాల బియ్యం లోపల, మెట్లు మెట్లుగా కొండకు చెక్కిన ఏదో దూరదేశపు వరి మళ్లు సంచి మీద, వాటిలో గంపలాంటి టోపీలు పెట్టుకున్న మనుషులు. మన దగ్గర నాట్లేసే ఆడవాళ్లు తలకు రుమాలు కట్టుకుంటారే, ఆ ఫొటో పెడితే బియ్యం అమ్ముడుపోదా? బత్తాయి రసం సీసాల మీద నారింజలు ఉంటాయి. నల్లగొండ బత్తాయి ఆకుపచ్చ మీద పసుపు తిరిగే పండని మనకు తెలియదా? వెంచర్ల వాళ్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. తుమ్మ చెట్ల నడుమ నాలుగు రాళ్లు పాతిన ప్లాటుకు విదేశీ విల్లాల ఫొటో వేస్తారు. ప్రకటన నమ్మి కొని నష్టపోయిన వాళ్లకు పరిహారం ఇవ్వాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. అది వాళ్లు చూసుకుంటారు.

మీరు చూసుకోవాల్సిన చట్టం వేరే ఉంది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలు, పుట్టపాక తేలియా రుమాల్, అన్నింటికీ జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపుకు ఆధారమే ఊరు. సరుకు ఫలానా ప్రాంతానిదని కొనేవాళ్లను తప్పుదోవ పట్టించేలా చూపించడం 1999 జీఐ చట్టం ప్రకారం ఉల్లంఘన. మన పేరు పెట్టుకుని ప్రింటు బట్ట అమ్ముతున్నారని నకిలీల మీద మనం మొత్తుకునేది ఇందుకే కదా. వేరేవాళ్ల మగ్గం ఫొటో మన బ్రోచర్‌లో పెట్టుకుని మనం ఫిర్యాదు చేయబోతే, ఎదుటివాడి వకీలు ముందు చూపించేది ఆ బ్రోచర్‌నే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఒక్క ఫ్లెక్సీకి ఢిల్లీ నుంచి మనుషులు దిగుతారని భయపెట్టడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇక ఎక్కడ వాడాలో చెప్తాను. అక్కడే నా పని తేలికవుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.

కొయ్యలగూడెం బెడ్‌షీట్లే తీసుకోండి. షీటు అందం తెలియాలంటే మంచి గది కావాలి, కిటికీలోంచి పొద్దుటి వెలుగు పడాలి. అలాంటి గది అద్దెకు తీసుకుని, మనిషిని పెట్టి ఫొటో తీయిస్తే బడ్జెట్ అయిపోతుంది. గది ఫొటో స్టాక్‌లో కొనండి, మంచం మీద మాత్రం మీ షీటు ఫొటోనే అమర్చండి. గది ఎవరిదైనా పర్వాలేదు, మనం గది అమ్మడం లేదు. షీటు రంగూ, డిజైన్ కొలతా అసలుకు తగ్గట్టు ఉన్నాయా అన్నది మాత్రం మీవాళ్లే చూసి ఓకే చెప్పాలి. మా బోటివాళ్లకు అందంగా కనపడితే చాలు, డిజైన్ కాస్త పెద్దది చేసేస్తాం. పండుగ శుభాకాంక్షలకు దీపం, వాన మబ్బు, కొత్త సరుకు వస్తోందని చెప్పే పోస్టుకు కొరియర్ డబ్బా, వెబ్‌సైట్‌లో "మమ్మల్ని సంప్రదించండి" పేజీకి ఒక చెక్క బల్ల, టీ కప్పు. ఇవన్నీ కొనుక్కోవచ్చు. తెలుపు మీద తెలుపు, సున్నం గోడ, నార చాప లాంటి నేపథ్యాలైతే చీర రంగును ఇంకా పైకి తెస్తాయి.

ఎంచుకునేటప్పుడు మొదటి పేజీలో కనపడ్డవి వదిలేయండి, అవి అందరూ వాడేసినవే. వెతికేటప్పుడు "ఇండియా" అని కాకుండా పెంకుటిల్లు, అరుగు, మట్టి గోడ లాంటి వివరం పెట్టి వెతికించండి. వీలైతే ఒకే ఫొటోగ్రాఫర్ తీసిన ఆరేడు బొమ్మలు కలిపి తీసుకుంటే వెలుగు, రంగులు ఒకే తీరుగా ఉంటాయి. లేకపోతే ఇన్‌స్టాగ్రామ్ పేజీ పది ఇళ్లలోంచి అడిగి తెచ్చిన గిన్నెలతో పెట్టిన పెళ్లి వంటలా ఉంటుంది. ఎంచుకున్న ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే ఇంకెవరెవరు వాడుతున్నారో నిమిషంలో తెలిసిపోతుంది. ఇంకో ముఖ్య విషయం, మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. స్టాక్ ఫొటోల్లో వదిలే ఖాళీ ఇంగ్లీషు పొట్టి అక్షరాల లెక్కకు సరిపోతుంది. తెలుగులో రెండు లైన్లు పెట్టేసరికి కింది లైను పోయి దీపం మీదో, మొహం మీదో కూర్చుంటుంది. కాబట్టి ఖాళీ సగానికి పైగా ఉన్న బొమ్మే తీసుకోండి.

లైసెన్స్ సంగతి విసుగ్గా ఉంటుంది కానీ చదవండి. గూగుల్‌లో కనపడటం అంటే ఉచితం అని కాదు. 1957 కాపీరైట్ చట్టం ఫొటోను కళాకృతి కింద లెక్కేస్తుంది. తెలిసి దొంగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. కొన్న ఫొటోకూ హద్దులున్నాయి. "ఎడిటోరియల్" అని ఉంటే వార్తలకే, ప్రకటనకు పనికిరాదు. స్టాక్ బొమ్మను లోగోగా, ట్రేడ్‌మార్క్‌గా వాడనివ్వరు. క్యాలెండర్ మీదో సంచీ మీదో అచ్చేసి ఆ వస్తువునే అమ్మితే పెద్ద లైసెన్స్ కావాలి. మామూలు లైసెన్స్‌కు చాలా సైట్లలో ఐదు లక్షల ప్రతుల హద్దు, అంత అచ్చు మనం ఎలాగూ వేయించం. మనుషులు కనిపించే ఫొటోకు వాళ్లు సంతకం పెట్టిన అనుమతి కాగితం (మోడల్ రిలీజ్) ఉందో లేదో చూడాలి. ఉచిత సైట్లలో ఇది చాలాసార్లు ఉండదు.

వీటన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. ఫొటో డిజైనర్ అకౌంట్లో కొంటారు. వాడు ఊరు మారతాడు, ఫోన్ నంబర్ మారుస్తాడు, రసీదు అడిగితే దొరకదు. అకౌంట్ సంఘం పేరు మీద తెరవండి. ఏ ఫొటో, ఏ తేదీ, ఏ సైటు, ఏ పని కోసం అని స్టాకు రిజిస్టర్ రాసినట్టే ఒక పుస్తకంలో రాసి, రసీదు ప్రింటు అంటించండి. ఉచితంగా తీసుకున్నదైనా ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

మధ్యలో ఏఐ బొమ్మలు వచ్చిపడ్డాయి. స్టాక్ సైట్లలోనూ అవి కలిసిపోయాయి. మగ్గం బొమ్మ అడిగితే పోగులు ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతాయి, అంచు సగం దూరం వెళ్లి కొంగులో కరిగిపోతుంది. మీ ఇంట్లో నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే అమ్మకు చూపించండి, ఒక్క చూపులో తేల్చేస్తుంది.

మరి మీ ఇంటి ఫొటోలు ఎక్కడి నుంచి రావాలి? నా అసలు విన్నపం ఇదే. రెండు జిల్లాల సంఘాలు కలిసి మన సొంత ఫొటో నిధి పెట్టుకోండి. మన స్టాక్ మనమే తయారు చేసుకుందాం.

ఏం తీయించాలో మీకు నేను చెప్పేంతవాణ్ణి కాదు. అయినా ఈ పనిలో ఉండి చూసింది చెబుతున్నాను. చెక్క చట్రం మీద బిగించిన నూలు, దాని మీద సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలతో కట్టిన చిటికి ముడులు. రంగులో ముంచి తీసి, ముడి విప్పగానే లోపల తెల్లగా మిగిలిన అరంగుళం. ఆ తెలుపు అంచుల్లోకి రంగు సన్నగా పాకి ఉంటుంది చూడండి, ఇక్కత్‌కు ఆ మసక అంచే ప్రాణం. నేను వెతికినంతలో ఏ స్టాక్ సైట్‌లోనూ ఈ వరస నాకు దొరకలేదు. చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక చేసిన ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మీద నూలు తిరుగుతున్న ఫొటో మీలో ఎందరి బ్రోచర్లలో ఉంది? గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు, నారాయణపేట గళ్లు దగ్గర నుంచి, తేలియా రుమాల్ ఎరుపు నలుపులు. ప్రతి చీరకూ వెనక వైపు ఫొటో తప్పనిసరి. ప్రింటు బట్ట వెనక వెలిసినట్టు ఉంటుంది, ఇక్కత్ రెండు వైపులా ఒకటే. కొనేవాళ్లకు ఈ ఒక్క ఫొటో చాలు.

పెద్ద కెమెరా లేకపోయినా నడుస్తుంది. పొద్దున నీడ పడే వరండాలో, ఫ్లాష్ తీసేసి, ఫిల్టర్లు పెట్టకుండా, చీర పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి తీయండి. కాగితం తెల్లగా కనపడేలా సరిచేస్తే చీర రంగు దానంతటదే దారికొస్తుంది. రంగు తేడా వచ్చిందని తిరిగొచ్చే ఆన్‌లైన్ పార్సిళ్లు అక్కడే తగ్గుతాయి.

మంచి ఫొటోలు కావాలంటే పెళ్లి ఫొటోగ్రాఫర్లను పిలవండి. ఆషాఢంలో, మూఢాల్లో వాళ్లకు పని ఉండదు, రేటు తగ్గించుకుంటారు. లైట్లు, లెన్సులు అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. పైసలిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ తీయించుకున్నవాళ్లదేనని అదే కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అయినా తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి, రేపు మాటా మాటా రాకుండా ఉంటుంది.

ఫొటోలో కనిపించే నేతకారులతో కూడా కాగితం ఉండాలి, తెలుగులో, చదివి వినిపించాక సంతకం. ఎక్కడ వాడతామో, ఎన్నేళ్లు వాడతామో, వద్దంటే ఎట్లా తీసేస్తామో అందులో ఉండాలి. ఫొటో దిగిన పూట మగ్గం ఆగుతుంది కాబట్టి ఆ పూట కూలి ఇవ్వాలి. "మన సంఘం కోసమే కదా" అని ఊరికే కూర్చోబెట్టకండి. స్టాక్ సైట్ వాడికి డాలర్లు కట్టడానికి రానంత బాధ మనవాళ్లకు ఐదొందలు ఇవ్వడానికి ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

ఆషాఢంలో ఫొటోలు తీయిస్తే ఆగస్టు 7 నాటికి ఫ్లెక్సీలకు, శ్రావణం గిరాకీకి క్యాటలాగులకు అందుతాయి. అందుకే వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో దీన్ని చేర్చండి. ముందు రెండు మూడు సంఘాలు కలిసినా సరే, ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలి, ఖర్చు ఎట్లా పంచుకోవాలి అన్న రెండు విషయాలు తేలితే పని మొదలవుతుంది. ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి, నేతకారుల సంతకం కాగితం నమూనా, రిజిస్టర్ నమూనా నేను తయారుచేసి ఉంచాను. అడిగిన సంఘానికి ఊరికే ఇస్తాను. పుట్టపాకకు రమ్మన్నా, గద్వాలకు రమ్మన్నా వస్తాను, బస్సు చార్జీ ఇస్తే చాలు.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక డిజైనర్